సహాయం ఎవరికి?

పల్లీల వ్యాపారం మానేసి వనపర్తిలో కాలేజీ పెట్టిన వంశీధర్, టాంజానియా నుంచి జుమా వచ్చి చేరగానే బోర్డు మీద ‘అంతర్జాతీయ’ అని రాయించాడు. అతని కోసమే ఇంగ్లీషు సహాయ కేంద్రం తెరిచాడు. నెల తిరగకుండా జుమా టీసీ అడిగాడు. అతను పోతే బోర్డు దింపాల్సిందే.

ఇంగ్లీషు కష్టంగా ఉందా అని వంశీధర్ తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగాడు.

“ఇంగ్లీషు వచ్చు సార్. పాఠాలు తెలుగులో చెప్తున్నారు.”

వంశీధర్ లెక్చరర్‌ను పిలిపించాడు. “ఏంది మద్దిలేటి సారూ, ఇంగ్లీషుల చెప్పరాదా?”

“చెప్తే పిల్లలకు తెల్వదు సార్. నాకు గూడ జర కష్టమే.”

పుచ్చు ఏ మూటలో ఉందో పల్లీల వ్యాపారికి తెలిసిపోయింది. జుమాకు ఫీజు మాఫీ చేశాడు. సోమవారం నుంచి సహాయ కేంద్రం బెంచీల మీద పదకొండు మంది లెక్చరర్లు, బ్లాక్‌బోర్డు దగ్గర జుమా.