ఎల్మర్ తెడ్డు వేస్తూనే ఉన్నాడు

పందెం పడవ చివర జానెడు చోటులో మోకాళ్లు గడ్డానికి ఆనేలా ఇరుక్కుని కూర్చున్నాను, చుక్కాని తాళ్లు రెండూ నా పిడికిళ్లకు చుట్టుకుని ఉన్నాయి, విప్పుదామంటే ఇంకో చుట్టు బిగుస్తోంది, ఎదురుగా నన్ను తాకేంత దగ్గరగా నా స్నేహితుడు ఎల్మర్ ముందుకు వంగి తెడ్డు వేస్తున్నాడు, వెనక్కి వాలుతున్నాడు, మళ్లీ వంగుతున్నాడు. వాడు కొరియా యుద్ధంలో పోయి ముప్పై ఏళ్లు దాటిందని నాకు తెలుసు, తెలిసినా ఆశ్చర్యం లేదు. అమెరికాలో మేం చదివిన యూనివర్సిటీ పేరున్న పాత బనియనే వేసుకున్నాడు, భుజం దగ్గర ఆ చిరుగు అలాగే ఉంది. వాడి వెనక తెడ్లు వేసే మిగతా ఏడుగురూ పొగమంచులో కలిసిపోయారు, చప్పుడు మాత్రం వస్తోంది.

"ఏరా పేర్రాజూ, వంతెన వచ్చిందా?" అంటాడు.

బతికున్న రోజుల్లో నన్ను పెరీ అని తప్ప పిలవలేకపోయినవాడు ఇప్పుడు మా అమలాపురం వాళ్లలాగే మాట్లాడుతున్నాడు, అదీ నాకు మామూలుగానే ఉంది.

"రాలేదు," అంటాను.

వంతెన దగ్గరే పందెం ముగుస్తుంది. తెడ్డు వేసేవాళ్లు వెళ్లే వైపు వీపు పెట్టి కూర్చుంటారు, ముందేముందో చూసేది చివర కూర్చున్న నేనొక్కణ్ణే, నేను ఆపమంటే తప్ప ఎవరూ ఆపకూడదు. యూనివర్సిటీ పడవ పందేల క్లబ్బులో, ఆ ఆరడుగుల మనుషుల మధ్య నన్ను చేర్చుకోవడానికి నాకున్న అర్హత బరువు లేకపోవడం ఒక్కటే. మొదటి రోజు ఇంగ్లీషు మాట నోటికి రాక కంగారులో "చాలు, చాలు" అని అరిస్తే అందరూ ఆగిపోయారు, అప్పటినుంచి మా పడవలో అదే ఖాయమైంది. ఇప్పుడు ఆ మాట నా నోట్లోనే ఉంది. అన్నానంటే పడవ ఆగుతుంది, ఆగితే వీడు దిగిపోతాడు. నేను అనను.

పడవ నది వదిలి యూనివర్సిటీ భోజనశాలలోకి వస్తుంది, బల్లల మధ్య నీళ్లు, కుర్రాళ్లు చెంచాలతో పళ్లాలు కొడుతూ కేకలు పెడుతున్నారు, వాళ్లలో ఎవరైనా నా చేతులు విప్పుతారేమోనని చూస్తే ఒక్కడూ తల తిప్పడు. లైబ్రరీ మెట్ల పక్క నుంచి, విదేశీ విద్యార్థుల క్లబ్బు గదిలోంచి, నేను పులిహోర కలిపి పెడితే ఎల్మర్ మారు మీద మారు వడ్డించుకుని కళ్లనీళ్లు కార్చుకుంటూ తిన్న ఆ గదిలోంచి పోతున్నాం, గోడలు దగ్గరవుతున్నాయి, తెడ్లు గోడలకు గీసుకుంటున్నాయి, నాకు ఊపిరాడటం లేదు.

"చేతులు పడిపోతన్నాయిరా," అంటాడు ఎల్మర్. "ఇంకా రాలేదంటావా?"

"మంచుగా ఉంది. కనపడటం లేదు."

"నాకు కనపడతన్నాయి. నీ వెనకాల ఎన్ని వంతెనలు పోయాయో చూస్తానే ఉన్నాను."

తిరగబోతాను, నడుము కదలదు. దాటిపోయినవన్నీ వాడి కళ్ల ముందే ఉంటాయన్న సంగతి నాకు తట్టనే లేదు. అబద్ధం అంత తేలిగ్గా దొరికిపోయినందుకు కోపం వస్తుంది, ఏడుపూ వస్తుంది.

"ఆపితే వెళ్లిపోతావు," అంటాను.

"వెళ్లనివ్వవా?"

"మన పందెం తేలలేదుగా. ఆ రోజు మంచు కమ్మేసిందని మధ్యలో ఆపేశారు. గెలిస్తే నన్ను ఎత్తి నీళ్లలో పడెయ్యాలి, అది మన క్లబ్బు ఆచారం. వచ్చే ఏడు పడేస్తానని చెప్పి యుద్ధానికి రైలెక్కావు."

"నీకు ఈత రాదు గదరా. కోనసీమలో పుట్టి ఈత రానోణ్ణి నిన్నే చూశాను."

"రాకపోతే నీకెందుకు? పడేస్తానన్నావా లేదా?"

వాడు నవ్వుతాడు గానీ తెడ్డు ఆగదు. అప్పుడు చూస్తాను, తెడ్డు పిడి మీద వాడి అరచేతులు చితికిపోయి ఉన్నాయి.

"నా అంతట నేను ఆపకూడదురా," అంటాడు మెల్లగా. "నువ్వే అనాలి."

ఇన్నేళ్లూ వీణ్ణి దగ్గర ఉంచుకున్నానని మురిసిపోయాను గానీ వీడి చేతుల సంగతి ఆలోచించలేదు. వాడి ముఖం ఇంకోసారి చూసుకుంటాను, చెవి పక్కన పుట్టుమచ్చతో సహా.

"చాలు," అంటాను. "చాలు, ఎల్మర్."

తెడ్లన్నీ ఒక్కసారి పైకి లేస్తాయి, చప్పుడు ఆగిపోతుంది, పిడికిళ్ల చుట్టూ తాళ్లు వదులవుతాయి. ఎల్మర్ లేచి, నా చంకల కింద చేతులు వేసి, పసిపిల్లాణ్ణి ఎత్తినంత తేలిగ్గా ఎత్తుతాడు.

"మనం గెలిచామా?" అని అడుగుతాను.

"ఊపిరి బిగపట్టు," అంటాడు.

వరండాలో నవారు మంచం మీద కళ్లు తెరిచాను. మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు ఎండగానే ఉంది, ఇప్పుడు ఈదురుగాలికి జల్లు అడ్డంగా కొడుతోంది, తల నుంచి పాదాల దాకా తడిసి ముద్దయ్యాను. రెండు చేతులూ మంచం నవారును బిగించి పట్టుకుని ఉన్నాయి, వేళ్లు ఒక్కొక్కటే విప్పుకోవాల్సి వచ్చింది.

"ఇంత వానలో ఆ మొద్దునిద్రేంటండీ," అంటూ మా ఆవిడ సత్యవేణి తువ్వాలు పట్టుకుని వచ్చింది. "లేవండి, తల తుడుస్తాను."

"కాసేపు ఉండనీ," అన్నాను.