విడగొట్టిన మాటలు

'నీటిలో' అన్న మాటను ఆమె రెండుగా విడగొట్టింది. 'నీటి' తర్వాత వేలితో ఒక ఖాళీ కొట్టగానే తెర అడుగున ఉన్న అంకె ఆరు వందల పదకొండు నుంచి ఆరు వందల పన్నెండు అయింది. ఒళ్లో కూర్చున్న పాప ఆ అంకె మారడం చూసి చెయ్యి చాపింది. ఆమె ఎడమచేత్తో పాప రెండు చేతులనూ కలిపి పట్టుకుని, కుడిచేతి వేళ్లతో 'తొట్టెలో'ను 'తొట్టె లో' చేసింది. ఆరు వందల పదమూడు.

ఇంట్లో చేపల తొట్టె పెట్టుకునేవారికి పది సూచనలు రాయాలి. ఆమె ఎప్పుడూ చేపల తొట్టె పెట్టుకోలేదు. పక్క వీధిలో కళ్లజోళ్ల దుకాణంలో ఒకటి ఉంటే పాపను ఎత్తుకుని రెండుసార్లు వెళ్లి చూసొచ్చింది. అంతకుముందు రాసింది గడ్డం గుబురుగా పెరగడం గురించి. దానికి ముందు కారు బీమా గురించి. గడ్డం వ్యాసం కింద ఎవరో ఒకాయన పేరు, దట్టమైన గడ్డంతో నవ్వుతున్న ఆయన ఫొటో వేశారు. అది చూసి భర్త తన గడ్డం తడుముకుంటూ, "నాకు పదేళ్లుగా రానిది నువ్వు ఊరందరికీ మొలిపిస్తున్నావన్నమాట" అన్నాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఏ పూట ఏ భవనంలో ఉంటాడో అతనికే తెలియదు.

మూడో అంతస్తులో ఒకే గది. ఒక గోడకు వంటగట్టు, ఒక గోడకు మంచం, మధ్యలో మడతబల్ల. పాతది కొన్న లాప్‌టాప్ మూత దానంతటది నిలబడదు కాబట్టి వెనక పప్పుడబ్బా పెట్టింది. ఆ డబ్బాలో పప్పు కావలసివచ్చినప్పుడల్లా పని ఆగుతుంది. అందుకని ఈ వారమంతా పప్పు వండలేదు.

పాప కడుపులో ఉండగా, మంచం దిగొద్దని డాక్టరు చెప్పిన రోజుల్లో ఇదంతా మొదలైంది. ఇంటి నుంచే సంపాదించవచ్చని ఎవరో వీడియోలో చెబితే ఫోన్‌లోనే ఒక బ్లాగు తెరిచింది. చిన్న గదిలో సామాను సర్దుకోవడం గురించి రాసింది. నిద్ర పట్టకపోవడం గురించి రాసింది. చదివేవాళ్లు పెరిగితే ప్రకటనలు వస్తాయన్నారు. ఏడాది తిరిగాక చదివినవాళ్ల లెక్క చూసుకుంటే సగానికి సగం తనే, అచ్చుతప్పులు వెతకడానికి తెరిచినప్పుడు పడినవి. మిగతా సగంలో ఆడపడుచు ఒకతె ఉంది. "చదివాను వదినా, చాలా బాగుంది" అంది. ఏది బాగుందని అడిగేసరికి ఫోన్ కట్టయింది.

ఆ తర్వాత ఈ కంపెనీ దొరికింది. పదానికింత అని ఇస్తారు. ముందు పరీక్షకని పది వ్యాసాలు రాయాలి. తొమ్మిది గట్టెక్కాయి. పదోది పెద్ద దిద్దుబాటుదారుగారు స్వయంగా చూస్తారని, ఎనిమిది వందల పదాలకు ఒక్కటి తగ్గినా తీసుకోరని, మధ్యాహ్నం మూడింటిలోపు అందాలని రాశారు. మాటల్ని విడగొడితే లెక్క పెరుగుతుందని ఆమె మూడో వ్యాసం రాసేటప్పుడు కనిపెట్టింది. ఇంతవరకూ ఎవరూ ఏమీ అనలేదు.

పదోది నెగ్గితే రోజూ పని ఉంటుంది, పాప తన దగ్గరే ఉంటుంది. నెగ్గకపోతే సోమవారం నుంచి మందుల డబ్బాలు సర్దే షెడ్డుకు వెళ్లాలి, పాప అత్తగారితో వాళ్ల ఊరు వెళ్లాలి. భర్తతో ఆమె కుదుర్చుకున్న ఒప్పందం అది. అందుకే అత్తగారు ఈరోజు వస్తున్నారు. తిరుగు బస్సు నాలుగున్నరకు.

పదకొండింటికి అత్తగారు ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడ్డారు. సంచీ కింద పెట్టి, గోడ పట్టుకుని ఊపిరి తీసుకున్నారు.

"ఊళ్లో లిఫ్టులన్నీ బాగుచేసేవాడి ఇంటికి లిఫ్టు లేదు. ఎవరికి చెప్పుకోను?"

"మంచినీళ్లు బిందెలో ఉన్నాయి అత్తయ్యా. లేస్తే ఇది మళ్లీ మీటలన్నీ నొక్కేస్తుంది."

"లేవకులే. ఇంకా ఎంతుంది?"

"నూట ఇరవై."

"నూట ఇరవై ఏంటి?"

"మాటలు."

"ఓస్, అంతేనా. మెట్లెక్కుతూ నేను తిట్టుకున్నవే అంతకి రెండింతలుంటాయి. అవి రాసుకో." అంటూ ఆవిడ పాపను అందుకున్నారు. పాప ఆవిడ మొహాన్ని కాసేపు పరీక్షగా చూసి, కళ్లజోడు లాగింది.

ఒంటిగంటకు అంకె ఎనిమిది వందలయింది. పంపించేసింది. ముగ్గురూ అన్నం తిన్నారు. ఏం తిన్నదీ ఆమెకు గుర్తులేదు. ఫోన్ బల్లమీద పెట్టి, మోగుతుందేమోనని చూసింది. మోగకపోతే ఛార్జింగ్ ఉందో లేదోనని చూసింది.

రెండింటికి మోగింది. పెద్దవయసు గొంతు.

"చేపల వ్యాసం నువ్వేనా అమ్మా? నేను దిద్దుబాటు చూస్తాను."

"నేనే సార్."

"నేను అచ్చుపనిలో ముప్ఫై ఏళ్లు పనిచేశాను. అతికినవాటిని విడదీయడం తెలుసు, విడిపోయినవాటిని అతకడం తెలుసు. కానీ ఇన్నిటిని ఒకేచోట ఎప్పుడూ అతకలేదు. 'చేప కి మేత' అని రాశావు. చేప ఓ పక్క, 'కి' ఓ పక్క. ఆ 'కి' ఒక్కటే ఎలా నిలబడుతుంది తల్లీ? చేపని పట్టుకుని ఉంటేనే దానికి అర్థం. వదిలేస్తే ఏమీ కాదది."

పాప అత్తగారి ఒళ్లో కూర్చుని సంచీ పట్టీ నములుతోంది.

"అన్నీ కలిపేశాక ఏడు వందల ముప్ఫై ఒకటి తేలింది. ఏం చదివావు?"

దరఖాస్తులో డిగ్రీ అని రాసింది. ఆ కంపెనీ నుంచి ఏ ఫోన్ వచ్చినా ఆ అబద్ధం బయటపడిందేమోననే అనుకునేది.

"డిగ్రీ అని ఉంది ఇక్కడ" అన్నాడాయన. "సంధులు చెప్పకుండా డిగ్రీ ఎక్కడిస్తున్నారో చెప్తే మా మనవణ్ణి కూడా చేర్పిస్తాను. వాడూ వాటికే ఏడుస్తున్నాడు."

"పదో తరగతి సగంలో మానేశాను సార్. అమ్మకి బాగాలేక. సంధులు మొదలుపెట్టిన వారమే."

అవతల కాగితాలు కదిలిన చప్పుడో, ఆయన కుర్చీలో జరిగిన చప్పుడో వినిపించింది.

"ఆ సంగతి నేనెక్కడా రాయను. నా పని అది కాదు. అరవై తొమ్మిది తక్కువున్నాయి. మూడయ్యేలోపు రాసి పంపు. విడగొట్టినవి వద్దు. మాటలు కావాలి."

ఫోన్ పెట్టేశాక ఆమె తెర ముందు కూర్చుని, ఆయన మాటలన్నీ కలిపి తిప్పిపంపిన వ్యాసం తెరిచింది. నీళ్లు మార్చడం రాసేసింది. మేత రాసేసింది. గులకరాళ్లు, దీపం, గాలి బుడగల మోటారు, అన్నీ అయిపోయాయి. రెండుంబావు అయింది. చేపల గురించి తనకు తెలిసినదంటూ ఇక ఏమీ మిగల్లేదు.

అప్పుడు కళ్లజోళ్ల దుకాణం రాసింది. ఏడాదిన్నర పిల్ల ఒకతి అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. ఎర్రచేప ఒకటి ఎదురుగా వచ్చి నోరు తెరిచి మూసింది. పిల్ల కూడా నోరు తెరిచి మూసింది. ఇద్దరూ చాలాసేపు అలాగే ఏదో చెప్పుకున్నారు, తీసుకెళ్లబోతే పిల్ల ఏడ్చింది, కాబట్టి తొట్టెను పిల్లల కళ్లకు అందే ఎత్తులో పెట్టండి అని రాసింది. ఎక్కడా ఖాళీ కొట్టి విడగొట్టలేదు. లెక్క చూస్తే ఎనిమిది వందల రెండు వచ్చింది. పంపించేసరికి మూడింటికి ఎనిమిది నిమిషాలుంది.

మూడుంబావుకు జవాబు వచ్చింది. ఆమె ఎంపికైంది. రేపటి నుంచి రోజుకు మూడు వ్యాసాలు, ఒక్కోటి ఎనిమిది వందల పదాలు. ఉదయం పదికి ఒకటి, ఒంటిగంటకు ఒకటి, నాలుగింటికి ఒకటి అందాలి. ఆలస్యమైతే ఆ రోజుది లెక్కలోకి రాదు. అడుగున దిద్దుబాటుదారుగారిది ఒక్క ముక్క ఉంది: 'చివరి నాలుగు వాక్యాలు బాగున్నాయి.'

"ఏమన్నారు?" అన్నారు అత్తగారు.

"తీసుకున్నారు అత్తయ్యా."

"హమ్మయ్య. అయితే నేనొక్కదాన్నే పోతాను. పోన్లే, దీన్ని మోసుకుంటూ బస్సెక్కే బాధ తప్పింది." అలా అంటూనే ఆవిడ పాప తలమీద గడ్డం ఆనించి కాసేపు అలాగే ఉన్నారు.

ఆమె ఉత్తరాన్ని మళ్లీ చదివింది. చేపల వ్యాసానికి రెండున్నర రోజులు పట్టింది. పాప నిద్రపోయినప్పుడు రాసింది. పాప ఏడ్చినప్పుడు ఒక కాలితో ఊపుతూ రాసింది. పాప నొక్కి చెరిపేసినవి మళ్లీ రాసింది. గడ్డం వ్యాసానికి మూడు రోజులు పట్టింది. రోజుకు మూడు.

ఫోన్ మోగింది. భర్త. వెనక ఇనుప తలుపు ఏదో పడుతూ లేస్తూ ఉంది.

"ఏమైంది?"

"వచ్చింది."

"వస్తుందని నేను చెప్పానా లేదా? అయితే పాప..."

"పంపిస్తున్నాను. రోజుకి మూడు రాయాలంట. దీన్ని పెట్టుకుని నావల్ల కాదు."

తలుపు మళ్లీ పడింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు. లిఫ్టు గుంటలోకి దిగితే సిగ్నల్ ఉండదు. అతను విన్నాడో లేదో ఆమెకు తెలియలేదు.

ఆమె మంచం కింద నుంచి చిన్న సంచీ లాగి, గౌన్లు ఒక్కొక్కటే మడతపెట్టసాగింది. అత్తగారు చూస్తూ ఉండిపోయారు.

"రాత్రి దీనికి చెవి పట్టుకుంటేగానీ నిద్ర రాదు అత్తయ్యా" అందామె తల ఎత్తకుండా. "దాని చెవి కాదు. మీది."

"ఏ చెవైనా ఫర్వాలేదా?"

"ఎడమది."

"కమ్మ తీసేస్తాలే, గుచ్చుకుంటుంది." ఆవిడ అప్పుడే చెవికి చెయ్యి పోనిచ్చారు. "ఎన్నాళ్లమ్మాయ్?"

"నా చెయ్యి తిరిగేదాకా."

ఆవిడ కమ్మ తీసి కొంగుకు ముడేసుకున్నారు.

వీధిలోకి దిగేసరికే పాప నానమ్మ భుజంమీద నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఆటో కదిలినా లేవలేదు. ఆమె చెయ్యి ఎత్తింది కానీ ఊపలేదు. ఎదురింటి దుకాణంవాడు చూస్తున్నాడని ఆ చేత్తోనే జుట్టు సరిచేసుకుంది.

పైకొచ్చేసరికి రేపటి మొదటి వ్యాసం ఏమిటో వచ్చి ఉంది: ఎత్తుమడమల చెప్పులు ఎంచుకోవడం ఎలా. ఇప్పుడే మొదలుపెడితే పదికి అందుతుంది. ఫ్యాను చప్పుడు ఇంత గట్టిగా ఉంటుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. కుర్చీ ముందుకు లాక్కోబోతే దాని కాలికి ఏదో అడ్డుపడింది.

వంగి తీసింది. రస్కు ముక్క. ఒకవైపంతా నాని మెత్తబడి, మళ్లీ ఆరుతోంది. మధ్యలో రెండు చిన్న వేళ్లు నొక్కిపట్టిన గుంటలున్నాయి, ఆరేకొద్దీ అవి గట్టిపడుతున్నాయి.