విరగ్గొట్టిన పాలు

తెల్లటి ముద్దలు… ఒక్కోటి నోట్లో పట్టేంత. సత్తు గిన్నెలో, పలచటి ఉప్పునీళ్లలో, ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతున్నాయి.

దుర్గాంబ మూత తీసి చూసింది. మూతి విరిచింది.

"ఏంటే ఇవి?"

"సిస్టరమ్మగారు చేశారండి. ఇటలీలో వాళ్లింట్లో ఇలాగే చేసుకుంటారంట. మీ గేదె పాలేనండి" అంది మిషను ఆసుపత్రిలో పనిచేసే కరుణ.

తన గేదె పాలు!

అరవై ఎనిమిదిలో రేపల్లె మొత్తం మీద ఆ పాలకున్న పేరు ఇంకెవరి పాలకుంది? ఆసుపత్రిలో బాలింతలు తాగుతారని రోజూ చెంబుడు పంపుతోంది. ఆ మహాతల్లి వాటిని విరగ్గొట్టిందట. విరగ్గొట్టి, ఈ గుమ్మంలోకే పంపిందట.

పాలు విరిగితే ఇంటికి అరిష్టం. పసిపిల్లకైనా తెలుసు. ఇటలీలో తెలీదు కాబోలు!

"రామములక్కాయ… అదేనండి, టమాటా… ముక్కల్లో పెట్టుకుని, నూనె చుక్కేసుకుని తినాలంటండి. వేడి రొట్టె మీదైతే కరుగుతాయంట. వండక్కర్లేదండి. ఇంకో మాటండి—"

"వండకుండా తినడానికి మేమేం మేకలమా? చాల్లే. రేపట్నుంచి పాలు పంపనని చెప్పు మీ సిస్టరమ్మకి!"

కరుణ వెళ్లిపోయింది.

జున్ను వండటం రాక తిప్పలు పడింది, అంతే. బెల్లం లేదు, మిరియం లేదు… ఇదీ ఒక వంటేనా!

దుర్గాంబ ముద్దల్ని వేరే గిన్నెలోకి తీసింది. బెల్లం తరిగింది. మిరియాలు దంచింది. ఆవిరి మీద పెట్టింది.

మూత తీస్తే ముద్దల్లేవు. బెల్లప్పాకంలో తెల్లటి పీచు. గరిటె ఎత్తితే గరిటెతోపాటే లేచింది.

"ఛీ!"

కుడితి తొట్లో పారబోసింది. గేదె వాసన చూసి తల తిప్పుకుంది.

"దీనికున్న బుద్ధి ఆ మనిషికి లేదు!"

తెల్లారింది. పాలు పంపలేదు. కరుణే వచ్చి ఖాళీ చెంబు అరుగు మీద పెట్టింది.

"చెప్పావా?"

"నిన్నే చెప్పానండి. పొద్దున తెనాలి బండికి వెళ్లిపోయారు. ఇటలీకండి. ఇంక రారు. నిన్న అదే చెప్పబోయాను. వెళ్లేముందు మీ పాలతోనే మీకేదైనా చేసిపెట్టాలని…"

దుర్గాంబ గొంతు తగ్గింది. "పాల మాటకి ఏమంది?"

"విన్నారండి. చెంబు ఆవిడే తోమారు."

చెంబు తళతళలాడుతోంది.

దుర్గాంబ వంటింట్లోకి వచ్చింది. సత్తు గిన్నె ఇంకా కడగలేదు. ఉప్పునీళ్లలో ఒక్క ముద్ద… నిన్న చేతికి తగల్లేదు కాబోలు.

నోట్లో వేసుకుంది.

బెల్లం లేదు. మిరియం లేదు. వట్టి పాలు… తన గేదె పాలు. ఆ పాల రుచి ఇదని ఇన్నేళ్లూ తనకే తెలీదు.

"ఉప్పెక్కువైంది" అంది గట్టిగా.

వినడానికి ఎవరూ లేరు.

సత్తు గిన్నెలో పలచటి ఉప్పునీళ్లు… ఊరికే కదులుతున్నాయి.