ఎద మూశాక పేరు

పలుచని పొర కింద గుండె కదులుతోంది.

ఎర్రగా. తడిగా. ఆ పాప పిడికిలంత.

ఆపరేషన్ బాగానే అయిందన్నారు. గుండె వాచింది, ఇప్పుడే ఎద మూస్తే నలిగిపోతుంది, వాపు తగ్గేదాకా తెరిచే ఉంచాలి — అన్నాడు డాక్టరు.

తెరిచే ఉంచారు. మూడు నెలల పాపను. పైన ఒక పొర కప్పి.

వరద వచ్చిపోయిన ఏడు. కర్నూలు గోడల మీద బురద గీత ఇంకా చెరగలేదు. ఆ గీతకే వీపు ఆనించి ఆసుపత్రి వరండాలో కూర్చుంది తనూజ. కన్నది ఆమె.

పక్కన అత్త కృష్ణవేణమ్మ.

పాపకింకా పేరు లేదు. పుట్టగానే పెదాలు నీలంగా ఉన్నాయని పేరు పెట్టడం ఆపారు. పేరు మాత్రం సిద్ధంగా ఉంది — వెంకటేశ్వరమ్మ. కృష్ణవేణమ్మకు అత్తగారు. బీడులో బావి తవ్వించి ఆ ఇంటిని నిలబెట్టిన మనిషి. ఇంట్లో పుట్టే మొదటి ఆడపిల్లకు ఆ పేరే.

"ఎద మూయనీ. అప్పుడు పెడదాంలే," అంది కృష్ణవేణమ్మ.

మూశారు.

కృష్ణవేణమ్మ సెల్లు తీసి సొంతూరు కోసిగికి ఫోన్ చేసింది. పేరు పెట్టడానికి మంచిరోజు చూడమంది. తనూజ ఆ పూట కడుపు నిండా అన్నం తింది... పిచ్చి తల్లి.

సాయంత్రానికి పాపకు బీపీ పడిపోయింది.

మళ్ళీ కుట్లు విప్పారు. మళ్ళీ తెరిచారు. మళ్ళీ అదే పొర.

కృష్ణవేణమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. కొడుకు వైపు తిరిగింది. కోడలు అక్కడ లేనట్టే మాట్లాడింది.

"ఆ పేరు దీనికి వద్దప్పా. ఇది నిలిచేట్టు లేదు. మా అత్త రెండోతూరి సావల్లనా? తర్వాత పుట్టేదానికి పెట్టుకుందాం."

తర్వాత పుట్టేది... లోపల ఒకటి ఇంకా ఊపిరి లాగుతుండగానే.

హర్షవర్ధన్ తల ఊపాడు. కన్న తండ్రి. ఊపాడు.

తనూజకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

నర్సు పిలిస్తే లోపలికి పోయింది. గౌను తొడిగారు, మాస్కు కట్టారు. మాస్కుతోనే పాప చెవి దగ్గర వంగింది.

వెంకటేశ్వరమ్మా.

పాప కదలలేదు. మత్తులో ఉంది.

వెంకటేశ్వరమ్మా... వెంకటేశ్వరమ్మా...

ముద్దుగా పిలిచింది. కసురుతూ పిలిచింది. పాలకు పిలిచినట్టు, జడ వేయడానికి పిలిచినట్టు, బడికి పొద్దుపోయిందని పిలిచినట్టు, పెళ్ళిపీటల మీదికి పిలిచినట్టు — ఒక బతుక్కి సరిపడా పిలిచింది.

పొర కింద గుండె కదులుతూనే ఉంది. విన్నదో, లేదో.

ఇక చాలమ్మా, అంది నర్సు.

తనూజ బయటికొచ్చి అత్త ఎదురుగా నిలబడింది.

"ఆ పేరు ఎంగిలైపోయిందత్తా," అంది మెల్లగా. "ఇంగెవరికీ పనికిరాదు."