నీలం కనబడని రంగు

అరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా చెన్సా గోటికి రంగు తగల్లేదు. గోజో దీవిలో ఆమె పుట్టిన ఊళ్ళో, గోళ్ళకు రంగు వేసుకునేది ఓడరేవు వీధి ఆడవాళ్ళేనని తల్లి అంటూండేది. పెళ్ళయి, భర్త సల్వూ వెంట ఆస్ట్రేలియా వచ్చి, మోర్వెల్ దగ్గర ఈ బొగ్గు లోయలో కాపురం పెట్టాక ఆమెకు గోళ్ళ సంగతి ఆలోచించే తీరికే లేకపోయింది. అలాంటి మనిషి మార్చి నెలలో ఒక ఉదయం కోడలికి ఫోన్ చేసి, "నన్ను గోళ్ళ దుకాణానికి తీసుకెళ్ళు ట్రూడీ" అంది.

"ఎవరితో మా, పెళ్ళి?" అని ట్రూడీ నవ్వింది. అత్తను ఆమె 'మా' అనే పిలిచేది. కారెక్కేటప్పుడు అత్త చేతులు చూసి ఆ నవ్వు మింగేసింది.

చెన్సా గోళ్ళు నీలంగా ఉన్నాయి. వేళ్ళ చివర్లు ఉబ్బి గుండ్రంగా తయారయ్యాయి. సల్వూ విద్యుత్ కేంద్రంలో ఆవిరి గొట్టాలకు ఆస్‌బెస్టాస్ చుట్టే పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే బట్టల నిండా తెల్లటి పొడి. ఆమె ఆ బట్టల్ని పెరటి మెట్ల మీద దులిపి ఉతికేది. ఆ పొడి ముందు సల్వూను తీసుకుపోయింది. ఇప్పుడు ఈమె ఊపిరితిత్తుల్లో కూర్చుంది. వచ్చే చలికాలం గట్టెక్కడం కష్టమని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట కొడుకు ఐవన్‌కూ కోడలికీ తప్ప ఎవరికీ తెలియదు. ఐవన్ పడమటి గనుల్లో పని మీద ఉంటాడు, నెలకోసారి వస్తాడు. అన్నిటికీ రెండిళ్ళ అవతల ఉండే ట్రూడీయే దిక్కు.

శనివారం గోజో నుంచి చెల్లెలు జూజా వస్తోంది. అక్కాచెల్లెళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నలభై ఏళ్ళు కావస్తోంది.

"అది నన్ను చూడ్డానికొస్తోంది. జబ్బును చూడ్డానికి కాదు," అంది చెన్సా కార్లో. "తెలిసిందంటే వచ్చిన దగ్గర్నుంచీ ఏడుపే. మూడు వారాలూ జపమాల పట్టుకుని నా మంచం పక్కనే కూర్చుంటుంది. నాకది వద్దు."

"మరి ఆక్సిజన్ మిషన్?"

"నీ కార్ల షెడ్డులో పెడదాం. రోజూ పొద్దున్నే మీ టమాటా మొక్కలకి నీళ్ళు పోసొస్తానని చెప్పి, వచ్చి కాసేపు పీల్చుకుని పోతా."

"ఇది నాకు నచ్చట్లేదు మా."

"నచ్చమని నేనూ అనలేదు."

దుకాణం మందుల షాపు పక్కనే. నడిపేది హాన్ అనే వియత్నాం ఆవిడ. మనిషి సన్నం, మాట పెద్దది. చెన్సా చేతుల్ని తువ్వాలు మీద పెట్టుకుని, వేళ్ళను ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఏదో అడగబోయి, అడగకుండా రంగుల నమూనా పుల్లల గుత్తి తెచ్చి ముందు పెట్టింది.

ట్రూడీ లేత గులాబి చూపించింది. "ఇది ఎక్కడికైనా నప్పుతుంది మా. చర్చికి, మార్కెట్‌కి, దేనికైనా. నేను ఆఫీసుకి ఇదే వేసుకుంటా."

హాన్ ఒక గోటికి వేసి చూపింది. గులాబి కింద నీలం కలిసి, ఎక్కడో దెబ్బ తగిలి కమిలినట్టు కనబడింది. హాన్ దూదితో తుడిచేసింది.

"ఎరుపు వేస్తే ఏదీ కనబడదమ్మా," అంది హాన్.

"కనబడదు సరే, మా చెల్లెలు నన్ను చూసి విమానం వెనక్కి తిప్పమంటుంది. ఈ వయసులో ఎరుపా! నేనేం ఓడల కోసం ఎదురుచూస్తున్నానా?"

హాన్‌కు ఆ మాట అర్థం కాకపోయినా పగలబడి నవ్వింది. కనకాంబరం రంగు వేసి చూశారు, చెయ్యి మరీ పాలిపోయినట్టయింది. నేరేడు రంగులో నీలం ఇంకా ఎక్కువైంది. చివరికి ట్రూడీ ఒక ఇటుక రంగు పుల్ల తీసింది. కాస్త గోధుమ, కాస్త ఎరుపు. కొత్తగా కాల్చిన పెంకులా ఉంది. రెండు పూతలకే గోరు పూర్తిగా మూసుకుపోయింది. పెద్దమనిషి తరహాగా, పదిమందిలోకి వెళ్ళడానికి సిగ్గుపడక్కర్లేని రంగు.

"ఇదే," అంది చెన్సా. చేతులు దూరంగా పెట్టి చూసుకుంది. ఒక్క క్షణం అవి ఎవరో ఆరోగ్యవంతురాలి చేతులనిపించి, దుఃఖం పొంగుకొచ్చింది. దగ్గు వచ్చినట్టు నటించి మొహం పక్కకు తిప్పుకుంది. ఆ తర్వాత నిజంగానే దగ్గు వచ్చింది.

జూజా రానే వచ్చింది. పొట్టి మనిషి, గట్టి మనిషి. వాకిట్లోనే అక్కను వాటేసుకుని, రెండు చేతులూ పట్టుకుని, "అబ్బో! గోళ్ళకి రంగా? అమ్మ చూస్తే చెప్పుచ్చుకునేది! ఆస్ట్రేలియా దొరసానివైపోయావు చెన్సా!" అంది.

"నువ్వు మాత్రం పల్లెటూరిదానిలాగే మిగిలిపోయావు."

"నా మొగుడికి పల్లెటూరిదే ఇష్టం. పాపం, పక్షవాతం వచ్చాక ఇంకో ఇష్టం పెట్టుకునే వీలు కూడా లేదు వాడికి."

ఇద్దరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఇంట్లో మాటలకు కొదువ లేదు. జూజా కుందేలు కూర వండింది, రికోటా జున్ను కూరి కజ్జికాయల్లాంటి పస్టిజ్జీలు కాల్చింది. పిన్నమ్మ కొడుకు ఇంటి పైకప్పు తగాదా, ఓడ టిక్కెట్ల రేట్లు, ఊరి పండగలో టపాకాయలు తడిసిపోయిన వైనం, ఉల్లిపాయల ధర. చెన్సా వింటూ కూర్చునేది. పొద్దున్నే నీళ్ళు పోయడానికి వెళ్ళొచ్చేది. మెట్లెక్కాల్సి వస్తే ముందు ఆగి, పూలమొక్కలో ఎండుటాకు ఏరుతున్నట్టు వంగేది. పెదవులకు ట్రూడీ ఇచ్చిన లిప్‌స్టిక్ రాసుకునేది. జూజా ఏమీ కనిపెట్టలేదు. అందుకు చెన్సాకు సంతోషంగానే ఉండేది గాని, చెల్లెలు నిద్రపోయాక పక్కగదిలో ఒంటరిగా ఆయాసపడుతూంటే, నలభై ఏళ్ళ తర్వాత దొరికిన మనిషి మళ్ళీ సముద్రం అవతలే ఉన్నట్టుండేది.

మూడో వారంలో గోళ్ళు పెరిగాయి. మొదళ్ళలో నెలవంకలా నీలం బయటపడింది. మళ్ళీ రంగు వేయించుకోవాలి.

"నేనూ వస్తా. నాకూ వేయించు, నీ రంగే. ఊరెళ్ళి అందరికీ చూపిస్తా," అంది జూజా. వద్దనడానికి చెన్సాకు సాకు దొరకలేదు.

దుకాణంలో హాన్ ముందు చెన్సా పని ముగించింది. తర్వాత జూజా కూర్చుని, అక్క గోళ్ళు చూపించి, తనకొచ్చిన ఇంగ్లీషులో "ఇదే రంగు" అంది.

హాన్ ఆమె చేతులు పట్టుకుని నొక్కి చూసింది. "మీకా రంగెందుకమ్మా? మీ గోళ్ళు ఎంత ఎర్రగా, శుభ్రంగా ఉన్నాయో! మీకు ఏదైనా నప్పుతుంది. మీ అక్కగారికైతే నీలం కనబడకూడదని..."

ట్రూడీ దగ్గింది. హాన్ నోరు మూసుకుంది. అప్పటికే ఆలస్యమైంది.

జూజా తల తిప్పి అక్క వైపు చూసింది. లిప్‌స్టిక్ చూసింది, ఉబ్బిన వేళ్ళు చూసింది, కుర్చీ చెయ్యి పట్టుకుని ఊపిరి తీస్తున్న తీరు చూసింది. ఇన్నాళ్ళూ చూసినవన్నీ మళ్ళీ మొదటినుంచి చూస్తున్నట్టుంది ఆమె మొహం. తర్వాత హాన్ వైపు తిరిగి, "అదే వెయ్యి," అంది మెల్లగా.

రంగు ఆరగానే ఇంటికి బయల్దేరారు. ట్రూడీ వాళ్ళను దించి, మిషన్ తేవడానికి వెళ్ళింది. వంటింట్లో నిలబడే జూజా అడిగింది.

"ఎంతకాలమంటున్నారు?"

"చలికాలం."

"ఇక్కడి చలికాలం ఎప్పుడు?"

"జూన్‌లో మొదలవుతుంది."

జూజా వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయి మానేసింది. ఒక్కసారిగా గొంతు లేచింది. "ఎల్లుండి నా విమానం! మూడు వారాలు చెన్సా! మూడు వారాలూ నాతో ఉల్లిపాయల ధరలు మాట్లాడించావు! పైకప్పు గొడవ మూడుసార్లు చెప్పాను నీకు, మూడుసార్లూ నవ్వావు. ఎవరైనా చెల్లెల్ని ఇలా మోసం చేస్తారా?"

"ఏడుస్తావని..."

"ఏడిస్తే? ఏడిస్తే ఏం? నీ దగ్గర కూర్చుని ఏడవడానికి కూడా పనికిరానా నేను? అమ్మ పోయినప్పుడు నువ్వు లేవు. కడుపుతో ఉన్నావు, రాలేకపోయావు. శవపేటిక వెనక ఒక్కదాన్నే నడిచాను. ఇప్పుడు నీకూ నేనుండను. మంచంలో ఉన్న నా మొగుణ్ణి పొరుగావిడకి అప్పగించి వచ్చాను, ఉండలేను. నీకది తెలుసు. తెలిసీ..."

చెన్సా జవాబు చెప్పాలనుకుంది. ఊపిరి చాల్లేదు. కుర్చీలో కూలబడింది. సంతోషంగా పంపుదామనుకున్నాను అనే మాట నోటిదాకా వచ్చింది గాని, ఆ సంతోషంలో తనూ లేదు, చెల్లెలూ లేదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"తప్పయింది జూజా," అంది చివరికి.

జూజా తిట్టడం మానలేదు. తిడుతూనే వచ్చి అక్క వీపు నిమిరింది. ట్రూడీ మిషన్ తోసుకుంటూ లోపలికి వచ్చేసరికి ఇద్దరూ ఏడుస్తున్నారు. ఆమె గొట్టం తగిలించి, ఏం చెయ్యాలో తోచక పెరట్లోకి వెళ్ళిపోయింది.

మిగిలిన ఆ కొద్ది సమయంలో ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు. అడగాల్సినవి ఎక్కువైపోయి ఏదీ బయటికి రాలేదు. ఎక్కువసేపు ఒకే మంచం మీద పక్కపక్కన పడుకున్నారు, చిన్నప్పటిలాగా. బయల్దేరే రోజు మెల్‌బోర్న్ దాకా కార్లో వెళ్ళే ఓపిక చెన్సాకు లేదు. గేటు దగ్గర జూజా అక్క నుదురు ముద్దు పెట్టుకుని, వెనక్కి తిరగకుండా కారెక్కింది. తిరిగితే వెళ్ళలేననుకుంది కాబోలు.

ఆ తర్వాత జూజా రోజూ ఫోన్ చేసేది. అక్కకు మాట్లాడే శక్తి తగ్గేకొద్దీ చెల్లెలే అక్క వంతు కూడా మాట్లాడేది. అమ్మ చివరిరోజుల గురించి చెప్పింది, సల్వూ పెళ్ళి అడగడానికి వచ్చిన రోజు గురించి చెప్పింది, తాను అప్పుడు ఎంత కుళ్ళుకుందో కూడా చెప్పింది.

ఆగస్టులో ఒక సాయంత్రం చెన్సా మంచం మీద ఉంది. ఐవన్ విమానం ఇంకా దిగలేదు. ట్రూడీ ఫోన్‌ను అత్త చెవి దగ్గర పట్టుకుని కూర్చుంది. అవతల గోజోలో పొద్దున్న, జూజా ఏదో పెద్ద కథ చెబుతోంది. ట్రూడీకి ఆ భాష రాదు. మధ్యలో జూజా నవ్వింది కూడా. ఆ నవ్వు అయ్యేసరికి చెన్సా ఊపిరి ఆగింది. ట్రూడీ కాసేపు చూసింది, మళ్ళీ వస్తుందేమోనని. రాలేదు.

చెప్పాలి. కాని కథ ఇంకా నడుస్తోంది. ట్రూడీ కళ్ళు తుడుచుకుని, జూజా చెబుతున్నది పూర్తయ్యేదాకా ఫోన్‌ను అత్త చెవి దగ్గర అలాగే పట్టుకుంది.