నా మీద రాసిన ముప్పై

నేను ఒక బరువుని. ఫ్యాక్టరీలో పోతపోసిన ఇనుప దొరబాబుని మాత్రం కాను. విజయనగరం పక్క పల్లెలో ముత్యాలునాయుడనే తాపీమేస్త్రీ రెండు రంగు డబ్బాల్లో సిమెంటు పోసి, మధ్యన నీళ్ళగొట్టం గుచ్చితే పుట్టాను. స్లాబుకి కొట్టినట్టు పది రోజులు నీళ్ళు కొట్టి మరీ పెంచాడు. అచ్చం నాలాంటి తమ్ముడొకడు ఉన్నాడు నాకు. తేడా అల్లా కడుపులోనే. వాడి కడుపులో ఇటుక ముక్కలు, నా కడుపులో ఇనుప చువ్వల ముక్కలు. వాడు ముప్పై కిలోలు, నేను నలభై చిల్లర.

మేస్త్రీ పెరట్లో రేకుల షెడ్డే మా వ్యాయామశాల. టౌన్లో అద్దాల జిమ్ పెట్టాక కుర్రాళ్ళంతా అటు పోయారు. మా షెడ్డులో అద్దం లేదు కాబట్టి నేను అందగాణ్ణనే భ్రమలో ఉండేవాణ్ణి.

ఆ దసరాకి ఆయుధపూజ అని మేస్త్రీ తన తాపీతో పాటు మమ్మల్నీ కడిగి ఎర్రరంగు వేశాడు. పాత అంకెలు రంగు కింద పోయాయి. ఎత్తి చూస్తే ఎవరెవరో తెలిసేదే, కానీ ఆయనకి నడుం పట్టేసింది. "నా కంటికి తెల్దేటి?" అని నా మీద ముప్పై, తమ్ముడి మీద నలభై రాసి బొట్లు పెట్టేశాడు. వయసు తగ్గించి చెప్పుకునే పెద్దమనిషిలా నేను తెగ మురిసిపోయాను.

ఆ తర్వాత వారమే ఆయన అన్న కూతురు కుసుమ వచ్చింది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఫిబ్రవరిలో బరువులెత్తే పిల్లలకి క్రీడా హాస్టల్ సెలక్షన్. సీటొస్తే చదువూ తిండీ అక్కడే. రాకపోతే జీడిపిక్కల ఫ్యాక్టరీలో వాళ్ళమ్మ పక్కన పీట సిద్ధంగా ఉంది. మేస్త్రీ ఒకటే షరతు పెట్టాడు. ముప్పై తలపైకి లేపితేనే తీసుకెళ్తాడు, అందాకా నలభై ముట్టుకోకూడదు.

నాలుగు నెలలు నన్ను భుజాల దాకా తెచ్చి పడేసేది. "ఎవరికీ లొంగనివాణ్ణి" అని మొదట్లో మీసం మెలేశాను, మీసం లేకపోయినా.

"ముప్పయ్యే లేపలేకపోతే అక్కడికేటెల్తావమ్మీ?" అన్నాడు మేస్త్రీ ఓ రోజు.

"నాను దేనికీ పనికిరాను చిన్నాన్నా," అని ఆ పిల్ల నా మీదే కూర్చుని ఏడ్చింది. అప్పుడు సిగ్గేసింది నాకు. నిజం చెప్దామంటే, రెండు డబ్బాలున్నాయి గానీ నోరొక్కటీ లేదు.

సెలక్షన్‌కి రెండు రోజుల ముందు ఎలాగోలా నన్ను తలపైకి లేపేసింది. "పర్లేదు," అన్నాడు మేస్త్రీ, అంతే.

సెలక్షన్లో ముప్పై కిలోల ఇనుప బరువు ఎత్తబోతే అది గాల్లోకి లేచిపోయి, పిల్ల వెనక్కి తూలిందట. పెద్దసార్లు నవ్వి నలభై పెట్టారట. అదీ లేచిందట. సీటొచ్చింది.

ఇంటికొచ్చి, కిరాణా కొట్టులో బస్తాలు తూచే కాటా తెప్పించింది. నన్ను ఎక్కించారు. నలభై ఒకటి. మేస్త్రీ ముఖం సున్నం కొట్టినట్టయింది. గబగబా రంగు డబ్బా తెచ్చాడు.

కుసుమ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఉండనీ చిన్నాన్నా. నలభై అనుంటే నాను ముట్టుకుందునా?"

అక్కలా తనూ హాస్టల్‌కి వెళ్తానంటున్న చెల్లెలు హైమ బడినుంచి రాకముందే కాటా తిరిగి ఇచ్చేశారు.

ఇప్పుడు హైమ రోజూ నన్ను లేపలేక నా ముందు కళ్ళు తుడుచుకుంటోంది. నేను ముప్పైలా కూర్చున్నాను.