చన్నీళ్ల గురువారం

భవానీదేవి డాబా మీద గాలిని కొలిచే మిషను పెట్టి పది నెలలైంది. అంబాజీపేటకు రెండు కిలోమీటర్ల అవతల, కాలవ గట్టు వెంట ఉన్న ఆ వీధిలో కొబ్బరిచెట్ల తలల దాకా లేచిన డాబా అదొక్కటే. భర్త మాణిక్యాలరావు పై అంతస్తు వేస్తానన్నప్పుడు మనకంత ఇల్లెందుకని ఏడాదిపాటు సణిగిన భవానీదేవే, హైదరాబాదు నుంచి సత్యశ్రీ అనే అమ్మాయి వచ్చి ఈ చుట్టుపక్కల మీ డాబా తప్ప మరేదీ పనికిరాదన్న రోజు నుంచీ ఆ మాట ఎత్తలేదు.

సత్యశ్రీ ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తుంది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు రోజూ దేశమంతటినీ చూసి పోతాయనీ, అలా ఇరవై ఏళ్లుగా చూసినదంతా వరసగా పేర్చి, పొగా దుమ్మూ ఏ జిల్లాలో పెరుగుతున్నాయో ఎక్కడ తగ్గుతున్నాయో తేల్చడమే తమ పని అనీ చెప్పింది. అయితే అంత ఎత్తు నుంచి చూసిన లెక్క నమ్మాలంటే, అక్కడక్కడ నేల మీదా ఒక మిషను ఉండి అవునో కాదో చెప్పాలట. లాప్‌టాప్‌లో దేశపటం తెరిచి చూపించింది. ఉత్తరాదిన ముదురు ఎరుపు. కోనసీమ లేతాకుపచ్చ. ఆ ఆకుపచ్చకి సాక్షి తన డాబాయేనని భవానీదేవి ఎదురింటి వీరవేణికి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. రోజూ ఇంటి పనులయ్యాక పైకెక్కి మిషను సోలార్ పలక మీద దుమ్ము తుడిచేది. కాకులు వాలకుండా చుట్టూ దారాలు కట్టింది.

ఫిబ్రవరిలో ఒకరోజు సత్యశ్రీ ఫోన్ చేసింది. మొహమాటపడుతూనే విషయం చెప్పింది. నెలన్నరగా పొద్దున్న ఐదున్నర నుంచి ఏడున్నర దాకా ఈ మిషను ఢిల్లీ అంత పొగ చూపిస్తోంది. ఉపగ్రహం మాత్రం ఆ చోటు శుభ్రంగా ఉందంటోంది. మిషను పాడైందని పైవాళ్ల అనుమానం. దేశం మొత్తానికి వేసే ఈ ఏటి నివేదికలోంచి ఈ డాబా లెక్క తీసేసి, మిషను వేరే ఊరికి మార్చాలనుకుంటున్నారు.

భవానీదేవికి తన ఇంట్లో మనిషిని దొంగ అన్నట్టే అనిపించింది.

"మా మిషను అబద్ధం చెప్పదమ్మాయ్. నాకో నాలుగు రోజులు టైమివ్వు" అంది.

మర్నాడు తెల్లవారుజామునే శాలువా కప్పుకుని, గ్లాసుడు టీతో డాబా ఎక్కింది. చెట్ల తలల మీద మంచు దుప్పటిలా ఆగి ఉంది. ఐదున్నర దాటగానే కింద నుంచి సన్నగా పొగ లేచింది. నిటారుగా పైకి వచ్చి, మంచు తగిలేసరికి ఇక ఎక్కలేక, అడ్డంగా పరుచుకుని మిషను మీదుగా పాకింది. ఎవరింటిదా అని పిట్టగోడ మీద నుంచి వంగి చూసింది. తన పెరడే. మాణిక్యాలరావు నీళ్ల పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, రాగి కాగు కింద కొబ్బరి డొక్కలు తోస్తూ, గొట్టంతో ఊదుతున్నాడు. మూడు బకెట్ల వేణ్నీళ్లు పోసుకోనిదే ఆయనకు తెల్లవారదు.

ఆమెకు నవ్వూ వచ్చింది, తల కొట్టేసినట్టూ అయింది. తలెత్తి చూస్తే కాలవ పొడుగునా ప్రతి పెరట్లోనూ అదే పొగ, ముప్పై ఇళ్ల దాకా. ఇన్నేళ్లూ కింద ఉండి ఆ పొగలోనే తిరిగింది గానీ, ఇలా పైనుంచి ఎప్పుడూ చూడలేదు.

ఎనిమిదింటికి సత్యశ్రీకి ఫోన్ చేసింది.

"మీ ఉపగ్రహం మా ఊరి మీదికి ఎన్నింటికొస్తుందమ్మాయ్?"

"మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి, పిన్నిగారూ."

"అప్పటికి మా స్నానాలైపోయి, మంచు పోయి, సముద్రపు గాలి కూడా తిరిగేస్తుంది. ఇంక దానికేం కనబడుద్ది?"

సత్యశ్రీ ఆ వేళలు పైకే లెక్కేసుకుంది. తర్వాత నవ్వింది. అది నిజమే అయి ఉంటుందనీ, కానీ తప్పు మిషనుది కాదని చూపించనిదే పైవాళ్లు ఒప్పుకోరనీ చెప్పింది. పొగ లేని పొద్దు ఒక్కటి దొరికి, ఆ రోజు మిషను కూడా గాలి బాగుందని చెబితే ఇక అడిగేవాళ్లుండరు.

అలా మొదలైంది గురువారం సంగతి. ఆ ఒక్క పొద్దు వీధిలో ఎవరూ డొక్కల పొయ్యి వెలిగించకూడదని భవానీదేవి ఇల్లిల్లూ తిరిగింది. వీరవేణి వెంటనే సరేనంది. మాణిక్యాలరావు, గ్యాసు మీద కాచిన నీళ్లకి ఆ రుచి ఉండదనీ, అంతకన్నా చన్నీళ్లే నయమనీ పంతానికి పోయాడు. అన్నాక వెనక్కి తీసుకోలేకపోయాడు. ఎటొచ్చీ వీధి చివరింటి జగ్గారావే కదల్లేదు. పొగ సంగతి రాసుకుంటే రేపు పొయ్యిలకీ జరిమానా వేస్తారని ఆయన భయం. మన పేర్లెవరూ రాయరనీ, అంత పెద్ద పటంలో మన వీధి చుక్క కూడా కాదనీ భవానీదేవి నచ్చజెప్పింది.

"చుక్క కూడా కాకపోతే మరెందుకండీ ఇదంతా?" అన్నాడాయన.

భవానీదేవి ఇక లాభం లేదని లేచింది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"పొద్దున్నే మీరు దగ్గుతుంటే మా డాబా మీదికి వినబడుతుంది అన్నయ్యగారూ. ఆ పటంలో మాత్రం మన గాలి శుభ్రంగా ఉందని రాసుకుంటున్నారు. మీ దగ్గు అందులో లేదండి."

జగ్గారావు కండువా సర్దుకున్నాడు. "ఒక్క గురువారమేనాండీ?"

"ఆయ్, ఒక్క గురువారమేనండి."

గురువారం పొద్దున వీధి వీధంతా వింతగా ఉంది. పొగ లేదు గానీ గోల ఉంది. ఒక పెరట్లో గోవిందనామాలు రోజూకన్నా రెట్టింపు గట్టిగా వినిపించాయి. మాణిక్యాలరావు మొదటి చెంబు పోసుకుని పెట్టిన కేకకి గట్టు మీద కొంగలు లేచిపోయాయి. భవానీదేవి డాబా మీద నిలబడి చూస్తోంది. ఆరుంబావుకి ఆమె పిట్టగోడ దగ్గరికి పరుగెత్తింది. వీధి చివర ఒకే ఒక్క పొగ లేచింది. చలికి ఓర్చుకోలేక జగ్గారావు పొయ్యి వెలిగించేశాడు.

దాచాలనిపించలేదు. జరిగింది జరిగినట్టు సత్యశ్రీకి చెప్పేసింది. అంతా చేసి చివర్లో చెడిపోయిందని బాధపడుతూ కూర్చుంది.

సాయంత్రం సత్యశ్రీ ఫోన్ చేసేసరికి గొంతులో సంతోషం ఆగడం లేదు. మిషను పొగ లెక్క చూపే పొద్దుటి గీత నున్నగా వచ్చిందట. ఆరుంబావు దాటాక మాత్రం చిన్న గూను. పైవాళ్లు ఆ గూనేమిటని అడిగితే జగ్గారావుగారి పొయ్యి సంగతి చెప్పింది. వీధి చివర వెలిగిన ఒక్క పొయ్యిని కూడా పట్టుకున్న మిషను చెడిపోయిందని ఎలా అంటామని వాళ్లే అన్నారట. నున్నటి గీత ఒక్కటే అయితే ఇంకో వారం వాదించేవాళ్లమని కూడా ఒప్పుకున్నారట.

జూన్‌లో నివేదిక వచ్చింది. భవానీదేవి డాబా అందులో ఉంది. మధ్యాహ్నం పూట చూసే ఉపగ్రహానికి పల్లెల్లో పొద్దుటి పొగ అందడం లేదనీ, ఇకమీదట నేల మీది మిషన్ల పొద్దుటి లెక్క కూడా కలిపి చూడాలనీ ఒక పేరా రాశారు. సత్యశ్రీ దాన్ని ఫోన్‌లో చదివి తెలుగులో చెబితే, భవానీదేవి రెండుసార్లు చెప్పించుకుంది.

ఆ ఏడు వీధిలో ఏడిళ్లవాళ్లు సోలార్ హీటర్లు పెట్టించుకున్నారు, మాణిక్యాలరావుతో సహా. జగ్గారావు పెట్టించుకోలేదు. మరుసటి చలికాలం పొద్దుటి పొగ లెక్క కొంచెం దిగింది. తగ్గుతోందనే రాసుకోవచ్చా అని భవానీదేవి అడిగితే, ఒక్క ఏడాదితో అలా అనకూడదనీ, కనీసం ఐదేళ్లు చూడాలనీ సత్యశ్రీ చెప్పింది.

"ఐదేళ్లెంతమ్మాయ్, చూద్దాం" అంది భవానీదేవి.